నాడి పట్టిన చెయ్యి

కదలకూడదన్నారు. మాట్లాడకూడదన్నారు. వీలైతే ఏమీ ఆలోచించకూడదని కూడా అన్నారు. మొదటి రెండూ పాపన్నకు చేతనైనవే. మూడోది ఎట్లా చేస్తారో చెప్పిన డాక్టరుకైనా తెలుసో లేదో అనుకుంటూ, ఈతచాప మీద వెల్లకిలా పడుకుని రేకుల కప్పు వైపు చూస్తున్నాడు. అరగంట ఇట్లా పడుకోవాలట. అప్పుడు గుండె నెమ్మదిస్తుందట. నెమ్మదించిన గుండెను లెక్కపెట్టుకుని, తర్వాత ఆ మూలనున్న చెక్కపీట ఎక్కి దిగమంటారు, మొదట మెల్లగా, తర్వాత వడిగా, ఆ తర్వాత ఇంకా వడిగా, ఎక్కడ గుండె అదుపు తప్పి పరుగు పెడుతుందో అక్కడ గీత గీసుకుంటారు. పోయినసారి ఇదే షెడ్డులో ఇదే చాప మీద పడుకున్నప్పుడు అతనికి కునుకు పట్టింది. కరువు పనిలో ఉన్న మనిషిని పొద్దున ఏడు గంటలకు పడుకోబెట్టి లేవొద్దని చెప్పే పుణ్యాత్ములు కూడా ఉన్నారా అని నవ్వుకున్నాడు. ఈసారి కునుకు మాట దేవుడెరుగు, కన్ను మూస్తే గుంత కనిపిస్తోంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. తన గడ్డపార పడాల్సిన ఆ గుంతలో ఇప్పుడు మామ కుళ్ళాయప్ప గడ్డపార పడుతూ ఉంటుంది, ఆయన ఎత్తగలిగినంత ఎత్తు నుంచి. తట్ట మోసే నల్లమ్మ, పాపన్న పెండ్లాం, ఆ ముసలాయనకు ఒక్కతే కూతురు, తట్టతట్టకూ నాయన ముఖం చూసి పోతూ ఉంటుంది. సాయంత్రం కొలతకు గుంత తెగాలి, అంటే చెప్పిన లోతు రావాలి. నిన్న తెగలేదు, మొన్న తెగలేదు. వరసగా మూడు రోజులు తెగకపోతే ఆ గుంతవాళ్ళ పేర్లు పట్టీలోంచి కొట్టేస్తారు. ఈరోజు మూడో రోజు.

దూరం నుంచి గడ్డపారల చప్పుడు వినిపిస్తోంది. షెడ్డుకూ గుంతలకూ మధ్య ఒక కేక దూరం. సోమందేపల్లె దగ్గర పెద్దరోడ్డు నుంచి చీలి లోపలి పల్లెలకు పోయే కొత్త మట్టిరోడ్డుకు మట్టి తవ్వే గుంతలవి. అరవై ఐదో సంవత్సరం కరువుకు అక్కడి జనం ఆ రోడ్డు మీదనే బతికారు. ముప్పై గుంతల్లో ముప్పై గడ్డపారలు పడుతున్నా, తన ఆవు మెడగంటను గుర్తుపట్టినట్టు పాపన్న మామ గడ్డపారను గుర్తుపడతాడు. దాని మొన కాస్త వంగింది. గరుసు నేల మీద అది ఖణేలుమనదు, కసుక్కుమంటుంది. కసుక్కు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. కసుక్కు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఐదు లెక్క నడుస్తోంది. మొన్నటిదాకా మూడే ఉండేది. ముసలాయన కదా, పొద్దున్నే కదా, ఒళ్ళు వేడెక్కితే సర్దుకుంటాడులే అని తనకు తానే చెప్పుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలకు ఎవరూ నాడి పట్టి చూడరు, అదొక అదృష్టం.

నాడి పట్టుకుని పక్కన గొంతుక్కూర్చున్నవాడు యేసన్న. ఖాకీ చొక్కా, నూనె రాసి పాపిడి తీసిన తల, దగ్గరికొస్తే సబ్బు వాసన. నెలన్నర కిందటి దాకా ఈ వేళ్ళు సబ్బు ఎరగవు. అప్పుడు యేసన్న పాపన్నకు జత. మట్టిపని చేసేవాళ్ళలో ఆ మాటకు చాలా బరువుంది. ఇద్దరు మగవాళ్ళు ఒక గుంతకు కట్టుబడతారు. ఒకడు గడ్డపారతో పగలేస్తే ఒకడు పారతో తట్టలకెత్తుతాడు. ఒకడు జ్వరమొచ్చి పడుకుంటే రెండోవాడు రెండు పాళ్ళూ తవ్వి, కొలతకొచ్చిన మేస్త్రీకి ఇద్దరి పేర్లూ చెబుతాడు. చెప్పకపోతే అడిగేవాడు లేడు, అయినా చెబుతాడు. పాపన్న పిక్కలో నారికురుపు లేచి, దారమంత పురుగు తల బయటపెట్టినప్పుడు, దాన్ని చీపురుపుల్లకు చుట్టి, తెగకుండా, రోజుకు అంగుళం చొప్పున ఇరవై రోజులు బయటికి లాగింది ఈ మూడు వేళ్ళే. తెగితే కాలు పోతుంది. ఊపిరి బిగబట్టి చుట్టేవాడు. చుట్టి, పుల్లను గుడ్డతో కట్టి, పోయి రెండు పాళ్ళూ తవ్వి, యేసన్న, పాపన్న అని రెండు పేర్లూ చెప్పి వచ్చేవాడు. మిషను బడిలో ఎనిమిది దాకా చదివినవాడు. గుంతలో తట్టలు లెక్కపెడుతూ పాపన్నకు నూరు దాకా నేర్పింది కూడా అతనే. ఇరవై తొమ్మిది తర్వాత పాపన్న ప్రతిసారీ ఇరవై పది అనేవాడు. యేసన్న పార పక్కన పడేసి, కడుపు పట్టుకుని నవ్వేవాడు. ముప్పై అప్పా, ముప్పై, ఎన్నిసార్లు చెప్పాల నీకు. ఆ ముప్పై దాటడానికి పాపన్నకు ఒక ఎండాకాలం పట్టింది. దాటిన తర్వాత మాత్రం నూరు దాకా ఎక్కడా ఆగలేదు.

"ఊఁ" అన్నాడు డాక్టరు. ఆయన ద్వారం దగ్గర బల్ల ముందు అటు తిరిగి కూర్చుని ఉన్నాడు, మెడలో వేలాడే గడియారం చేతిలోకి తీసుకున్నాడు. ఊఁ అంటే మొదలుపెట్టమని, చాలు అంటే ఆపమని. పావు నిమిషం. పెదవులు కదపకుండా లెక్కపెట్టడం యేసన్నకు ఏనాడూ చేతకాలేదు. పన్నెండు, పదమూడు, అని గొణుగుతున్నాడు, ఆ గొణుగుడు పాపన్న చెవికి రెండు జానల దూరంలో ఉంది. పదిహేడు, పద్దెనిమిది. "చాలు." "పద్దెనిమిది సార్." నాలుగుతో హెచ్చించి డెబ్బై రెండు అని డాక్టరు తన పుస్తకంలో రాసుకున్నాడు, బాగుంది అని కూడా అన్నాడు. పాపన్న లోపల ఏదో ముడి వదిలింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చెప్తానని మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. ఎంతైనా జత కదా, పురుగు తెగకుండా లాగిన చెయ్యి కదా. వారం రోజులుగా ఆ మనిషి గురించి ఎన్ని అనుకున్నానో అని సిగ్గేసింది కూడా. ఇంకో ఇరవై నిమిషాలు పడుకుంటే రెండోసారి చూస్తారు, తర్వాత పీట. పీట మీద గుండె ఎంత కొట్టుకుంటే అంత చెబితే చాలు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. ఆ గీత ఉన్నచోటికి దిగొస్తే గుంత మళ్ళీ అడుగు లోతుకు వస్తుంది. అడుగు లోతైతే మామ నెగ్గుకొస్తాడు.

నెలన్నర కిందట ఈ డాక్టరు పట్నం నుంచి జీపులో దిగినప్పుడు అందరూ మశూచి టీకాలేసేవాడనుకున్నారు, కలరా సూదులేసేవాడనుకున్నారు. ఆయన సూదులు తేలేదు. ఒక చెక్కపీట, టకటకా తాళం కొట్టే ఒక చిన్న పెట్టె, ఒక గడియారం తెచ్చాడు. మంచి మాటకారి. కోస్తా మాట. "మనిషి గుండెకు ఒక హద్దు ఉంటుందయ్యా. ఆ హద్దు లోపల పని చేస్తే పొద్దుగూకే దాకా చేసినా ఏమీ కాదు. హద్దు దాటితే గుండె అలిసిపోతుంది. ఆ హద్దెక్కడో తెలిస్తే ఎవరూ మిమ్మల్ని దాటించరు" అన్నాడు. ఎంత చల్లటి మాట. హద్దంటే ఆగాల్సిన చోటని అనుకున్నారు పాపం, గుంతలవాళ్ళందరూ. అరవై మందిని వరసగా నిలబెట్టి, కనురెప్పలు కిందికి లాగి, పళ్ళు చూసి, కడుపు నొక్కి, ఇరవై నాలుగు మందిని ఏరి ఆరోగ్యవంతులన్నాడు. లెక్క ఆరోగ్యవంతులకేనట. పాపన్న పేరు అందులో మూడోది. పరీక్ష పొద్దున ఏమీ తినకుండా రావాలని షరతు. ఆ షరతు పాటించడం ఆ ఏడు ఆ చుట్టుపక్కల ఎవరికీ కష్టం కాలేదు. అయిపోయాక రెండు గుడ్లు, గ్లాసెడు పాలు. నాడి పట్టడానికి ఈడనే ఒక మనిషి కావాలి, పది దాకానైనా చదివినవాడు అంటే, ఎనిమిదే అని ఒప్పుకుంటూనే యేసన్న చెయ్యెత్తాడు. గుంతలోంచి ఎక్కి చేతులు దులుపుకుని పోయిన మనిషి మళ్ళీ దిగలేదు. పోనీలే, మనవాడొకడు నీడకు పోయాడు అని సంతోషించినవాళ్ళలో మొదటివాడు పాపన్నే. ఆ ఖాళీలోకి మామ కుళ్ళాయప్ప దిగాడు, యాభై ఎనిమిదేళ్ళవాడు. ఆరోగ్యవంతుడన్న మాట పట్టుకుని ఇంటికి పోతే నల్లమ్మ ఎంత ఏడిపించిందో. "ఆరోగ్యవంతుడంట. ఇంగ ఈ తట్ట గూడా నువ్వే మొయ్యి" అంది. అంటూనే ఆ పూట సంకటిలో తన ముద్దలోంచి సగం తుంచి ఇతని పళ్ళెంలో వేసింది. మొగుడు ఆరోగ్యవంతుడని పట్నం డాక్టరు చెబితే ఏ ఆడమనిషికి పొంగదు.

ఆ గర్వంతోనే పీట ఎక్కాడు. అదే తప్పు, ఇప్పుడు తెలుస్తోంది, కానీ అప్పుడు అది తప్పని ఎవరికి తెలుసు. మొదటి తాళం పెళ్ళి ఊరేగింపు మాదిరి ఉంది, నవ్వుతూ ఎక్కి దిగాడు. రెండో తాళానికి చెమట పట్టింది. మూడో తాళం మొదలయ్యాక టకటకా టకటకా అది ఎక్కడికి పరుగెత్తమంటోందో అర్థం కాలేదు. మోకాళ్ళు ఎవరివో, పీట ఎవరిదో, కళ్ళ ముందు నల్లటి చుక్కలు, నాలుక పిడచకట్టి, చెవుల్లో రోకటిపోటు. ఆగిపోవచ్చు. వల్లకాకపోతే చెప్పమన్నారు కూడా. కానీ గోడవారగా ఇరవై మంది చూస్తున్నారు, తను మూడో పేరు, తను ఎప్పుడూ ముందు తెగే గుంత. తాళం ఆగేదాకా ఆగలేదు. కూలబడ్డ మనిషి చెయ్యి యేసన్న అందుకున్నాడు. ఆ హోరులో కూడా గొణుగుడు వినిపించింది, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. చాలు. యేసన్న ఒక క్షణం ఆగాడు. ఆ ఆగడం పాపన్నకు ఇప్పుడు గుర్తొస్తోంది, అప్పుడు గుర్తించలేదు. "ముప్పై ఒకటి సార్" అన్నాడు. డాక్టరు కుర్చీలో ఇటు తిరిగాడు. నూట ఇరవై నాలుగా, మూడో వేగంలోనా, గుర్రం గుండె నీది అన్నాడు. పాపన్న ఆయాసంలోనే పళ్ళికిలించాడు. ముప్పై తొమ్మిదికీ ముప్పై ఒకటికీ తేడా ఎనిమిది తట్టలని తెలుసు. తెలిసీ, చదువుకున్నవాళ్ళ లెక్కలో తీసివేతలేవో ఉంటాయిలే, తనకు నూరు దాకానే కదా వచ్చేది అనుకున్నాడు. గుంతలో ఎవరైనా ఒక్క తట్ట తక్కువ చెబితే పార ఎత్తి కొట్లాటకు పోయే మనిషి, తన గుండెలోంచి ఎనిమిది తీసేస్తే చూస్తూ ఊరుకున్నాడు. జత మీద నమ్మకమంటే అదే మరి.

ఇరవై రోజులకు ఆర్డరు వచ్చింది. మేస్త్రీ ఓబుళేసు గట్టు మీద నిలబడి చదివాడు. ఆరోగ్యవంతులను పరీక్షించగా, ఇప్పుడు చేసే పని గుండె హద్దుకు చాలా లోపల ఉందని తేలిందట. కాబట్టి ఇకమీదట గుంత అడుగున్నర. ఎవరి గుండె హద్దు, ఎవరి గుంత. పరీక్షించింది ఇరవై నాలుగు మందిని, తవ్వేది తొంభై మంది. ముసలివాళ్ళున్నారు, బాలింతలున్నారు, చలిజ్వరం నుంచి నిన్న లేచినవాళ్ళున్నారు. ఆగాల్సిన చోటనుకున్నది చేరాల్సిన చోటయింది. "మీ పాపన్న గుండె చూసినారంట, గుర్రమంట. ఆయప్ప పుణ్యం తవ్వండి" అన్నాడు ఓబుళేసు, ఎగతాళికి అన్నాడో మామూలుగానే అన్నాడో. ఆ రోజు నుంచి పక్క గుంతల వాళ్ళు పాపన్నను పేరుతో పిలవడం మానేశారు. సుంకమ్మ అనే ఆమె తట్టతో పక్క నుంచి పోతూ, మొగోడి బలుపుకు మేము చస్తాండాం అని గాలితో చెప్పినట్టు చెప్పింది. ముప్పై తొమ్మిది అని ఎవరికి చెబుతాడు, చెబితే ఎవరు నమ్ముతారు.

యేసన్న ఇంటికి పోయాడు. వారం కిందట, పని దిగిన సాయంత్రం. యేసన్న తల దువ్వుకుంటున్నాడు, అద్దం దించలేదు. ఆ పొద్దు నువ్వు ముప్పై తొమ్మిది లెక్కపెడితివి గదన్నా, ముప్పై ఒకటని ఎందుకు చెప్తివి అని అడిగాడు పాపన్న. కోపంగా కాదు. ఏదో తీసివేత ఉందని చెబితే బాగుండునన్న ఆశతో అడిగాడు. యేసన్న అద్దం దించాడు. "నీ కోసరమే కదప్పా. నూట యాభై దాటితే మనిషికి ఆరోగ్యం లేదని కొట్టేస్తాండారు. ఇద్దర్ని కొట్టేసినారు నీ ముందర. అందరి ముందర నిన్ను కొట్టేస్తే నువ్వు తలెత్తుకుంటావా? గుడ్లు పాయ, పేరు పాయ. బడిలో మార్కులు తక్కువొచ్చినోనికి సారు రెండు ఎక్కువేస్తాడే, అట్ల అనుకున్యా. గుంత లోతు చేస్తారని నాకు కల పడిందా?" ఆ మాట నిజమే అయి ఉండొచ్చు. ఎక్కువ తక్కువలు మార్కుల్లాంటివనే అనుకుని ఉండొచ్చు, మంచి మార్కు కోసం కాస్త దిద్ది ఉండొచ్చు. పాపన్న ఒక్కడికే దిద్దాడో ఇరవై నాలుగు మందికీ దిద్దాడో, దిద్దినందుకు డాక్టరు మెచ్చుకుని ఈ ఖాకీ చొక్కా ఇచ్చాడో, అవి అడగలేదు. మామ దగ్గు గురించి చెప్పాడు. గడ్డపార ఎత్తి, ఎత్తినచోటనే ఆగిపోయి, దించడం మరిచినట్టు నిలబడిపోతున్నాడని చెప్పాడు. యేసన్న మెత్తబడ్డాడు. "డాక్టరు మళ్ళా వస్తాండాడు. గుంతలు తెగడంల్యాదని పైనుంచి అడిగినారంట. నలుగుర్ని మళ్ళా చూస్తాడు, నీ పేరుండాది. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఇదో" అని పాపన్న చేతిలో చెయ్యి వేశాడు. మెత్తబడిన చెయ్యి, కాయలు రాలిపోయిన చెయ్యి. అయినా జత చెయ్యే కదా అనుకుని ఇంటికొచ్చి నల్లమ్మతో చెప్పాడు. నల్లమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

కసుక్కు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. కసుక్కు. ఎంతసేపయిందో పడుకుని. రేకులకు ఎండ ఎక్కుతోంది, పైన టప్పు టప్పుమని రేకు సాగుతున్న చప్పుడు. డాక్టరు తాళం పెట్టెకు మరచుట్టి చూసుకుంటున్నాడు. బయట బసప్ప, తర్వాత పడుకోవలసినవాడు, బీడీ ఆర్పి దగ్గుతున్నాడు. కసుక్కు. ఒకటి, రెండు. తొమ్మిది. పదకొండు. పద్నాలుగు. రాలేదు. గడ్డపార పక్కన పెట్టి నీళ్ళు తాగుతున్నాడేమో. నీళ్ళ కుండ మూడు గుంతల అవతల ఉంటుంది, నడిచి పోవాలి. ఇరవై రెండు, ఇరవై మూడు. ఇంతసేపు తాగుతాడా మనిషి. ఇరవై తొమ్మిది, ముప్పై. లేవనా. లేస్తే ఈ అరగంట పోతుంది, పరీక్ష పోతుంది, గుంత అడుగున్నర అట్లనే ఉండిపోతుంది. పడుకోవాలి. పడుకుని మనసు నెమ్మదిగా పెట్టుకోవాలి, ముసలాయన కోసమే కదా పడుకోవాల్సింది. నలభై. అప్పుడు వినిపించింది. కసుక్కు కసుక్కు కసుక్కు, తేలిగ్గా, వడివడిగా, నేలను గీరుతున్నట్టు. అది మామ దెబ్బ కాదు. ఆ గడ్డపారను మామ ఎన్నడూ అట్లా వాడడు. అది నల్లమ్మ. ఆడవాళ్ళు గడ్డపార పట్టరు ఆ గుంతల్లో, పడితే ఓబుళేసు ఊరుకోడు, జతలో మగమనిషి లేడని అక్కడికక్కడే రాసేస్తాడు. అయినా పట్టిందంటే పక్కన మనిషి లేచే స్థితిలో లేడు. అంతవరకూ అర్థమయ్యేసరికి గుండె ఎదురురొమ్ములో ఎగిరెగిరి పడుతోంది. తలకింది చాపలోంచి దాని చప్పుడు చెవికి తగులుతోంది. మణికట్టు మీద ఆ మూడు వేళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. యేసన్నకు తెలిసింది. తెలియకుండా ఎట్లా ఉంటుంది, వేలి కింద కప్పపిల్ల గెంతినట్టు గెంతుతుంటే.

"ఊఁ" అన్నాడు డాక్టరు, అటు తిరిగే. పెదవులు కదిలాయి. ఎనిమిది, తొమ్మిది. ఇంకా సగం కూడా కాలేదు అప్పటికి. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. పాపన్న కూడా లోపల లెక్కపెడుతున్నాడు, తన గుండెను తనే, ఇద్దరి లెక్కా జోడెద్దుల అడుగుల్లా కలిసి నడుస్తోంది. ఇరవై ఆరు, ఇరవై ఏడు. "చాలు." యేసన్న ఒక క్షణం ఆగాడు. ఈసారి ఆ ఆగడం పాపన్న చూశాడు. "పద్దెనిమిది సార్" అన్నాడు యేసన్న.

అదే గొంతు. యేసన్న, పాపన్న, అని మేస్త్రీకి రెండు పేర్లూ చెప్పిన గొంతు. పాపన్నకు కోపం రాలేదు మొదట, నవ్వొచ్చినట్టయింది. చేతిలో చెయ్యి వేసి వారమే అయింది. ఇప్పుడు ఎవరి కోసం తీశాడు ఆ తొమ్మిది. తన కోసమేనా. గుడ్ల కోసమా, తన పరువు కోసమా. ఆ పరువు చల్లగుండ, దాన్ని మోస్తూ ఒక ముసలాయన గుంతలో పడి ఉన్నాడు అక్కడ. ఇంకొకరు చేస్తే మోసం అనుకుని ఉమ్మేసి పోవచ్చు. ఇతని మోసానికి పేరేం పెట్టాలో తెలియదు, ఎందుకంటే పిక్కలోని మచ్చ ఇంకా ఉంది, ఇతని చెయ్యి లేకపోతే ఈ కాలు లేదు. ముఖం చూశాడు. యేసన్న గోడ వైపు చూస్తున్నాడు.

పాపన్న లేచి కూర్చున్నాడు. యేసన్న చేతిలోంచి మణికట్టు లాక్కున్నాడు. ఆ చేతిని డాక్టరు వైపు చాపాడు.

"సార్, మీరొకసారి పట్టుకొని చూడండి."

డాక్టరు విసుక్కోలేదు. వచ్చి వంగి, గడియారం చూసుకుంటూ తనే లెక్కపెట్టాడు, ఆయన పెదవులు కదలలేదు. కనుబొమలు మాత్రం కదిలాయి. ఇరవై ఎనిమిది ఉంది కదయ్యా, నువ్వు పద్దెనిమిదన్నావే అని అడిగాడు. "లేచి కూచున్యాడు కద సార్, దానికి పెరిగింటాది" అన్నాడు యేసన్న. తడుముకోలేదు. అప్పుడు పాపన్న మొత్తం చెప్పాడు, ఇరవై ఏడు లెక్కపెట్టి పద్దెనిమిదన్నాడని, పోయినసారి ముప్పై తొమ్మిదికి ముప్పై ఒకటన్నాడని, రెండుసార్లూ తన చెవులతో విన్నానని. అంతకుముందు జత మీద ఎవరికీ చాడీ చెప్పి ఎరగడు. డాక్టరు యేసన్న వైపు తిరిగాడు. నిజమేనా అని అడిగాడు.

యేసన్న ఖాకీ చొక్కా అంచు కిందికి లాగుకున్నాడు.

"ఆయప్పకు లెక్క రాదు సార్."

పాపన్నకు ఒకటి నుంచి నూరు దాకా అక్కడికక్కడే అప్పజెప్పాలనిపించింది, ముప్పై దగ్గర ఆగకుండా. అప్పటికే డాక్టరు పుస్తకం పేజీలు వెనక్కి తిప్పుతున్నాడు, ఒకటి, రెండు, ఇరవై నాలుగు పేర్లు, ప్రతి పేరు ఎదురుగా ఉన్న ప్రతి లెక్కా ఆ ఒక్క చేతి కింద నుంచే వచ్చింది. ఆయనకు తెలిసింది. తెలిసినట్టు ఆ ముఖంలో ఒక్క క్షణం కనిపించింది, పాపన్నకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయన పుస్తకం మూసి, చాలా దయగా మాట్లాడాడు. "చూడు పాపన్నా, పడుకున్న మనిషికి నూట పన్నెండు కొట్టుకుంటోందంటే నీ ఒంట్లో బాగాలేదు. మా పరీక్ష ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే. నీ పేరు తీసేస్తున్నాను. అనంతపురం వెళ్ళి పెద్దాసుపత్రిలో చూపించుకో."

"అట్లయితే పోయినసారిది గూడా కొట్టేస్తారా సార్?" అన్నాడు పాపన్న. ఆశ చావలేదు ఇంకా.

"అదెందుకు? అప్పుడు నువ్వు ఆరోగ్యంగానే ఉన్నావుగా. అది అలాగే ఉంటుంది."

బసప్ప లోపలికొచ్చి చాప మీద పడుకున్నాడు. పాపన్న బయటి ఎండలోకి నడిచాడు. ఆరోగ్యం లేని మనిషి, గుర్రం గుండె ఉన్న మనిషి, ఇద్దరూ ఒక్క పంచెలో నడుస్తున్నారు. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. "పాపన్నా, నిల్చోప్పా. ఇవి నీవి" అని యేసన్న గుడ్డలో మూట కట్టిన రెండు ఉడికిన గుడ్లు చేతిలో పెట్టబోయాడు. "ఆ లెక్కలన్నీ తప్పని ఒప్పుకుంటే నన్ను ఈ పొద్దే పంపించేస్తాడప్పా. మళ్ళా గుంతలోకి దిగేంత సత్తువ నాకు ల్యాదు" అన్నాడు. నీకు సత్తువ లేదు, మామకుందా అని అడగాలనుకున్నాడు పాపన్న. ఆ గుడ్లు తీసి ఆ ఖాకీ చొక్కా మీద కొట్టాలనుకున్నాడు. పొద్దున ఏమీ తినకుండా గుంతలోకి దిగిన ముసలాయన గుర్తొచ్చాడు. మూట తీసుకున్నాడు. తీసుకుంటున్నప్పుడు ఆ వేళ్ళు తగలకుండా చూసుకున్నాడు.

కుళ్ళాయప్ప గుంత అంచుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, నోరు తెరుచుకుని, రొమ్ము ఎగదన్నుతూ. నల్లమ్మ మొగుణ్ణి చూసి గడ్డపార అందించింది. ఆమె అరచేతులు అప్పుడే బొబ్బలెక్కాయి. గుంత లోతు ఇంకా జానెడే ఉంది. పాపన్న గడ్డపార నేలకు గుచ్చి, ముందు మామ పక్కన కూర్చుని గుడ్డు వలిచాడు. ముసలాయన గుడ్డు వైపు, అల్లుడి వైపు చూశాడు.

"యేసన్న ఇచ్చినాడా?"

"ఊఁ."

"మంచోడప్పా. జత ఇడిసిపెట్టినా మనిషిని మరిచిపోల్యా" అన్నాడు కుళ్ళాయప్ప, మాటమాటకూ ఊపిరి తీసుకుంటూ. "నీ పరీక్ష ఏమాయ? నిజమే రాసినారా?"

నల్లమ్మ తట్ట చంకన పెట్టుకుని నిలబడి, ఆ జవాబు కోసం చూస్తోంది.

"రాసినారు మామా. గుంత తగ్గిస్తారంట. తిను" అన్నాడు పాపన్న.